చెరిపింది బావే

నవ్వుతున్నాడు. గాజు గోడకి అవతల, పెద్ద మేడమ్ ఎదుట, కుర్చీ చాలక రెండు పక్కలా పొంగి కూర్చుని మరీ నవ్వుతున్నాడు బావ. ఉద్యోగం ఊడబోయే మనిషి అలా నవ్వడు. నవ్వుతున్నాడంటే ఊడేది తనది కాదని తెలిసైనా ఉండాలి, లేదా ఊడాల్సింది ఎవరిదో తనే చెప్పేసైనా ఉండాలి. ఇవతల నడవాలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్న మనవాడు ఈ రెండిట్లో ఏదై ఉంటుందా అని కళ్ళు చికిలించుకుని చూస్తున్నాడు. మాట వినబడి చావదు. ఆ గాజు మందం అలాంటిది. పెదవులు కదలడం కనబడుతుంది, చేతులు తిరగడం కనబడుతుంది, మేడమ్ పెన్ను మూత తీసి పెట్టడం, మళ్ళీ తీసి పెట్టడం కనబడుతుంది. మాట మాత్రం లోపలే ఉండిపోతుంది. ఇదిగో, ఇప్పుడు బావ అరచేయి నేలకి బోర్లించి నడుము ఎత్తులో పట్టుకుని ఏదో చూపించాడు. ఏమిటా ఎత్తు? బల్లా? మొక్కా? మనిషా? అక్కకి పెళ్ళయినప్పుడు మనవాడు సరిగ్గా ఆ ఎత్తే ఉండేవాడు. అంటే చిన్నప్పటి సంగతులు విప్పుతున్నాడన్నమాట. వీడు చిన్నప్పట్నుంచీ ఇంతే మేడమ్, వీడి మాట పట్టించుకోకండి, అంటున్నాడు. ఇంకేమంటాడు? గోడమీద పిల్లి గోడమీద ఉన్నంతసేపే పిల్లి, దూకిందంటే పులే.

చిన్నప్పట్నుంచీ ఇంతే అన్న మాట అబద్ధమేం కాదు. అది వేరే సంగతి. మనవాణ్ణి ఇంట్లో అక్క భూతద్దం అనేది. ఆ పేరు బావ మోసుకొచ్చి ఆఫీసులో దింపాడు. ఇప్పుడు జీతాల గుమాస్తా కూడా భూతద్దం గారూ అనే పిలుస్తాడు. పాలు పలచగా ఉంటే పాలవాడి మీద అనుమానం, చిక్కగా ఉంటే మరీ అనుమానం. లిఫ్టు వెంటనే వస్తే ఇందాకే ఎవడో పైకెళ్ళాడని అనుమానం. పక్కింటివాళ్ళు పలకరిస్తే ఏం కావాలో, పలకరించకపోతే ఏం చేశారో. మొట్టమొదట అక్క బావని ఇంటికి తీసుకొచ్చిన రోజున, ఈ మనిషి ఇంత నవ్వుతున్నాడేమిటి, ఎక్కడో ఏదో దాచాడని, బావ వెళ్ళిపోతుంటే వెనకాలే బయల్దేరాడు. గోడల చాటున, బళ్ళ చాటున, ఎండలో ఊరంతా తిరిగాడు. బావ వెనక్కి తిరిగి చూడలేదు. బట్టల కొట్టులోకి వెళ్ళి ఏమీ కొనకుండా వచ్చాడు, పోస్టాఫీసు చుట్టూ తిరిగాడు, వంతెన ఎక్కి దిగి మళ్ళీ ఎక్కాడు. ఎంత దొంగో చూడు, ఒక పనీ లేకుండా తిరుగుతున్నాడు అనుకున్నాడు మనవాడు చెమటలు కక్కుకుంటూ. చివరికి బావ ఒక బండి దగ్గర ఆగి రెండు పుల్ల ఐసులు కొని, ఒకటి నోట్లో పెట్టుకుని, రెండోది వెనక్కి చెయ్యి చాపి పట్టుకుని, తల తిప్పకుండానే, "కరిగిపోతోంది, రారా!" అన్నాడు. ఆ ఐసు తిన్నాడు మనవాడు. తింటూ కూడా అనుకున్నాడు, తెలిసీ తెలియనట్టు ఇంతసేపు నడవగలిగినవాడు ఇంకెన్ని తెలిసీ తెలియనట్టు ఉంటాడో అని.

మేడమ్ నవ్వడం లేదు. అది ఒక్కటే కాస్త ఊరట. ఆవిడ సాయంత్రంలోగా పైవాళ్ళకి ఒక పేరు పంపాలి. ఇది అంబులెన్సులు పంపే ఆఫీసు. ఊళ్ళో ఎవరికి ప్రాణం మీదకొచ్చినా ఫోను ఇక్కడికే వస్తుంది. ఎత్తినవాళ్ళు చిరునామా కొట్టగానే దగ్గర్లో ఉన్న బండి ఏదో ప్రోగ్రామే చూసుకుని పంపిస్తుంది. ఆ ప్రోగ్రామ్ రాసింది మనవాడూ బావా. పొద్దున ఆ ప్రోగ్రామ్ గుడ్లు తేలేసింది. స్క్రీన్లన్నీ ఒక్కసారి బిగుసుకుపోయాయి. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, బండ్లు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు, ఉన్నవాళ్ళు అరచేతుల మీద చిరునామాలు రాసుకుని డ్రైవర్లకి ఫోన్లు చేసుకున్నారు. ఆ గొడవలో ఒక నిండు గర్భిణికి బండి చేరేసరికి ఆలస్యమైంది, మెట్ల మలుపులోనే బిడ్డ పుట్టేసింది. తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆ బిడ్డ తండ్రి ఫోన్లో ఏడ్చిన ఏడుపు విన్నవాళ్ళెవరూ మధ్యాహ్నం సరిగ్గా భోంచేయలేదు. ప్రోగ్రామ్ ఆగిపోయింది, సరే, యంత్రాలన్నాక ఆగుతాయి, తప్పు రాస్తే తిట్లు పడతాయి, దిద్దుకుంటారు. కానీ ఎందుకు ఆగిందో చెప్పాల్సిన లాగ్, అంటే యంత్రం తనకేమైందో తానే రాసిపెట్టుకునే ఫైలు, ఖాళీగా ఉంది. తెల్లగా, తుడిచినట్టు. తప్పు చేస్తే తిట్లే, తప్పుని చెరిపేస్తే ఇంటికే. ఆ ఫైలు దాకా వెళ్ళగల తాళం, అదే పాస్‌వర్డు, ఈ భవనంలో ఇద్దరికే ఉంది. మనవాడు ఆ సంగతి పొద్దున్నే మేడమ్‌కి రాసి పంపాడు. ఎవరి మీదా నేరం మోపలేదు సుమండీ. లాగ్ ఖాళీగా ఉందని, తాళం ఇద్దరికే ఉందని, ఆ ఇద్దరిలో ఒకడు తానేనని, తాను అప్పటికింకా బస్సులోనే ఉన్నానని. అంతే రాశాడు. మిగిలింది ఎవరైనా లెక్కేసుకోవచ్చు.

లెక్కేసుకున్నారు కాబట్టే బావ లోపల ఉన్నాడు. ఇప్పుడు మేడమ్ తన స్క్రీను మెల్లగా బావ వైపు తిప్పింది. అయ్యో. అదే అయ్యుంటుంది. ఆ నీలం అంచు చూస్తేనే తెలుస్తోంది, వీడు పంపిన సందేశమే. బావ కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని ముందుకు వంగాడు. చదువుతున్నాడు. వేలు పెట్టి చదువుతున్నాడు, చిన్నపిల్లాడిలా, ఒక్కొక్క మాటా.  నిజం చెప్పడానికి భయమెందుకు అనుకున్నాడు మనవాడు. అక్క మొహం కనబడింది, పిండి చేతులతో తలుపు తీసి ఏరా ఏమైంది అని అడిగే మొహం. ఏం చెప్తాడు? నీ మొగుడు లాగ్ చెరిపాడే అక్కా, నేను చూడలేదుగానీ ఇంకెవరూ చెరపలేరు, అంటాడా? బావ చదవడం అయిపోయింది.  తర్వాత భుజాలు ఎగిరేలా నవ్వాడు, బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచి మరీ. మేడమ్ నీళ్ళ గ్లాసు పట్టుకుంది ఒలికిపోకుండా. ఇదేం నవ్వు? దొరికిపోయినవాడి నవ్వా, దొరకనివాడి నవ్వా? బావకి నవ్వులు చాలా ఉన్నాయి. కుర్చీ మెత్త కింద కీచుమనే బొమ్మ పెట్టి ఎవరైనా కూర్చున్నప్పుడు నవ్వే నవ్వు ఒకటి, అక్క తిడుతున్నప్పుడు గిన్నె మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వే నవ్వు ఒకటి. ఇది వాటిల్లో లేదు. ఇది కొత్తది. కొత్తదంటే అనుమానించాల్సిందే.

అసలు ఆ లాగ్ కోసం మనవాడు పడ్డ పాట్లు ఎవరికి తెలుసు? ప్రోగ్రామ్ అన్నది మనిషిలాంటిదే, పని చేయడానికి కాస్త చోటు కావాలి. ఆ చోటే మెమరీ. ఒక ఫోను వస్తే ఒక గుప్పెడు చోటు అడుగుతుంది, బండి వెళ్ళొచ్చాక వదిలేస్తుంది, వదిలేయాలి. ఎక్కడో ఏదో వదలడం మరిచిపోతే, ఇంట్లో పాత సామాను పేరుకున్నట్టు పేరుకుని పేరుకుని, ఒకరోజు అడిగినా గుప్పెడు కూడా దొరకదు. చాలామంది రాసే ప్రోగ్రాములు ఆ రోజున కుక్కచావు చస్తాయి. ఒక మాటా పలుకూ ఉండదు. మనవాడు అలా ఊరుకునే రకమా? మెమరీ అయిపోయిందని తెలిసిన క్షణంలో నడిచేలా ఒక ముక్క ప్రత్యేకంగా రాసి, దానికి ఆఖరిమాట అని పేరు పెట్టుకున్నాడు. చచ్చేముందు ప్రోగ్రామ్ అన్నీ చెప్పి చావాలి. ఏ బండి ఎక్కడుంది, ఏ ఫోను ఎవరెత్తారు, ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చున్నారు, ఎవరు ఆఖరున ఏ మీట నొక్కారు, పొద్దుట్నుంచీ ఎవరెవరు లోపలికొచ్చారు, అంతా ఒక్కచోట పోగేసి, వరసలు కట్టి, పట్టికలు గీసి, లాగ్‌లో దించి అప్పుడు కన్ను మూయాలి. దొంగ దొరక్కపోవడమన్నది ఉండకూడదు. అది రాసిన రోజున బావ వెనక నిలబడి, నోట్లో ఏదో నములుతూ చూసి, "పోయేవాడు వీలునామా చదవడురా. నీళ్ళు అంటాడు, అంతే," అన్నాడు. ఎగతాళి. కడుపుమంట. ఇంత పకడ్బందీగా ఉంటే రేపు తాను దొరికిపోతానని దిగులు. అప్పుడే అనుకున్నాడు మనవాడు, ఈ ఆఖరిమాట మీద ఈయనకి కన్నుందని. ఉంది కాబట్టే ఇవాళ చెరిపాడు. ఏముందో అందులో. పేరుకున్న సామాను బావదే అయ్యుంటుంది. ఇంట్లో కూడా అంతే, విరిగిన గొడుగులు, మూతల్లేని సీసాలు, ఎప్పుడో పనికొస్తాయిరా అంటాడు.

మేడమ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వీపు ఇటుంది. బావ ఒక్కడే బల్ల ముందు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు మనిషి ఉండేలా ఉన్నాడు. నవ్వు లేదు. భుజాలు కిందకి దిగిపోయాయి. చూశావా, నాటకం ఆపాడు అనుకున్నాడు మనవాడు, కానీ అనుకోవడంలో అంత పట్టు రాలేదు. ఎక్కువ లావున్న మనిషి భుజాలు దిగితే ఇంత పెద్దగా ఎందుకు కనబడుతుందో. యంత్రంలో ఒక తలారి ఉంటాడు. ప్రోగ్రాములన్నీ కలిసి మెమరీ అంతా ఊడ్చేస్తే, యంత్రం మొత్తం మునిగిపోకుండా వాడు బయటికొస్తాడు, ఎవణ్ణో ఒకణ్ణి నరికి చోటు చేస్తాడు. వాడు విచారణ చేయడు. తప్పెవరిదని అడగడు. అందరిలోకీ ఎక్కువ తిని కూర్చున్నవాడెవడా అని చూస్తాడు, వాడి తల తీస్తాడు. బుద్ధిగా పని చేసుకుంటున్నవాడైనా సరే, లావుగా ఉంటే వాడే. కొత్తగా చేరిన రోజుల్లో ఇది చదివి మనవాడు ఇదేం న్యాయం అని బావతో వాదించాడు. బావ తన బొజ్జ నిమురుకుని, ఇలాంటి రాజ్యంలో నేను ముందు పోతానురా అన్నాడు. ఇప్పుడు మేడమ్ కిటికీలోంచి కింద నిలబడ్డ అంబులెన్సుల్ని చూస్తోంది. పైవాళ్ళకి సాయంత్రంలోగా ఒక తల కావాలి. ఎవరిదైనా ఒకటే. అందులో నవ్వే మనిషి, లావైన మనిషి, పనివేళల్లో బిస్కట్లు తినే మనిషి సుళువుగా కనబడతాడు. మనవాడు చటుక్కున నిటారుగా కూర్చున్నాడు. లేదు, లేదు, ఇది వేరు. ఇక్కడ విచారణ ఉంది. తాళం ఉంది. ఖాళీ ఫైలు ఉంది. కళ్ళకి కనబడిందే రాశాడు తాను.

"ఏరా అబ్బాయ్, ఇంకా పిలవలేదా?"

ఫోన్ల పిన్ని. ఈ ఆఫీసు తెరిచినప్పట్నుంచీ ఫోన్లెత్తుతున్న ఆవిడ, అందరికీ పిన్నే. నడవా చివర నీళ్ళ మిషను దగ్గర సీసా పట్టుకుని నిలబడి మీట నొక్కుతోంది. రావడం లేదు.

"లేదు పిన్నీ. బావ ఉన్నాడు లోపల."

"ఉంటాడు, ఉంటాడు. ఆ మనిషి ఎక్కడ కూర్చుంటే అక్కడ వేళ్ళు దిగుతాయి." ఆవిడ మిషను నెత్తిన ఒకటి కొట్టింది. "పొద్దున చూడాలి మీ బావని. క్యాంటీన్ వరసలో ఉన్నాడట. స్క్రీన్లు బిగుసుకుపోయాయి బాబో అని మేం అరిచి అరిచి, కుర్రాణ్ణి పంపితే వచ్చాడు. చొక్కా గుండీ ఊడిపోయిందిరా పరిగెత్తి. నోట్లో బిస్కట్టు నోట్లోనే ఉంది."

"వచ్చి ఏం నొక్కాడు?"

"నాకేం తెలుసు ఏం నొక్కాడో! స్క్రీను మీద తెల్లటి కిటికీ ఒకటి తెరిచాడు. అందులో ఏం లేదు. ఇదేంటి ఏం రాయలేదు అన్నాడు. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ లేదు. నీ పేరు ఒకసారి అనుకున్నాడు మెల్లిగా. తర్వాత అంతా మొదట్నుంచి మొదలెట్టాడు, మా స్క్రీన్లొచ్చాయి."

"నా పేరెందుకు అనుకున్నాడు?"

"ఏమో! బావమరిది పేరు అనుకోడానికి కూడా నీ సంతకం కావాలా ఏమిటి? నువ్వు మరీను." పిన్ని ఖాళీ సీసా చంకలో పెట్టుకుని, "దీనికి నీళ్ళు ఎవరైనా ఎక్కిస్తారా లేదా!" అని ఎవరితోనూ కాకుండా అరుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఇదేంటి ఏం రాయలేదు. అలా అన్నాడట. పదిమంది ముందు. మనవాడు ఆ మాటని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. చెరిపినవాడు చెరిపాక తెరిచి, ఏం లేదే అని ఆశ్చర్యపోవడం పాత విద్యే. ఇంట్లో మిఠాయి డబ్బా ఖాళీ చేసి, అక్క ముందే తెరిచి, అరె, ఎలకలు! అనే మనిషికి ఇదొక లెక్కా? కానీ బిస్కట్టు నోట్లో ఉంది. నోట్లో బిస్కట్టు పెట్టుకుని ఎవరైనా నాటకం ఆడతారా? ఆడితే బావే ఆడాలి. మనవాడు జేబులోంచి ఫోను తీశాడు. పొద్దున వచ్చీ రాగానే, ఇంకెవరూ ముట్టుకోకముందే ఆ ఖాళీ ఫైలుకి ఫోటో తీసి పెట్టుకున్నాడు, సాక్ష్యానికి. ఇప్పటిదాకా ఆ ఖాళీనే చూశాడు. పక్కన సన్న అక్షరాల్లో ఒక వేళ ఉంది, ఫైలు ఆఖరుసారి మారిన వేళ. వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. స్క్రీన్లు బిగుసుకుపోయిన నిమిషమే అది. అప్పటికి పిన్ని వాళ్ళు అరవడం మొదలెట్టనే లేదు. అప్పటికి బావ క్యాంటీన్ వరసలో ఉన్నాడు. ఫోన్లోంచి చేసి ఉండొచ్చు కదా, అంది లోపల ఉన్న అనుమానం, అంత సులువుగా చస్తుందా అది. ఫోన్లోంచి ఈ తాళం పడదు, ఆ ఏర్పాటు తనే చేశాడు, బావ మీది అనుమానంతోనే. వేళ మార్చి ఉండొచ్చు కదా. వేళ మార్చగలిగినవాడు ఫైల్లో నాలుగు దొంగ వాక్యాలు రాసిపెట్టుకోలేడా, ఖాళీగా ఎందుకు వదులుతాడు? అనుమానం నోరు తెరిచి మూసుకుంది. మళ్ళీ తెరిచింది. ఏమీ దొరకలేదు.

ఖాళీగా ఎందుకు వదులుతాడు. నడవా చివర నీళ్ళ మిషను ఎర్ర దీపం వెలిగించుకుని నిలబడి ఉంది. నీళ్ళ కోసం మీట కొట్టడం, కొట్టినా రాకపోవడం. చిన్నప్పటి వీధిలో చేతిపంపు ఉండేది. దాని కథే వేరు. ఎండిపోయి ఉన్నప్పుడు ఎంత కొట్టినా గాలే వచ్చేది, కీచుమని. పైనుంచి ఒక చెంబుడు నీళ్ళు పోసి కొడితేనే కింద నీళ్ళు పైకొచ్చేవి. నీళ్ళు కావాలంటే ముందు నీళ్ళుండాలి. అందుకని మూలింటి అత్తయ్య పంపు పక్క అరుగు మీద ఎప్పుడూ ఒక చెంబు నింపి మూతపెట్టి ఉంచేది. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే వీపు విమానం మోతే. ఆవిడ చెల్లెలింటికి వెళ్ళిన వారం ఎవరో ఆ చెంబు నీళ్ళతో సైకిలు కడుక్కున్నారు. పంపు కొడితే గాలి. కొట్టారు, కొట్టారు, వీధి వీధంతా కొట్టింది. పంపులో తోలు వాషరు ఎవరో కోసుకుపోయారు అన్నారొకరు. వెనక వీధివాళ్ళ పనే అన్నారు ఇంకొకరు. కర్రలు పట్టుకుని బయల్దేరారు కూడా. అత్తయ్య ఆ వేళకే సంచీతో దిగి, ఏమైందర్రా అని, పక్క వీధి నుంచి ఒక చెంబు నీళ్ళు తెప్పించి పోసి కొట్టింది. గలగలమని వచ్చాయి. ఎవరూ ఏమీ కోసుకుపోలేదు. నీళ్ళు తోడుకునేందుకు కావలసిన నీళ్ళు లేవు, అంతే.

మనవాడు కుర్చీలోంచి లేచాడు. ఎందుకు లేచాడో తెలియదు, కాళ్ళకి ముందు తెలిసింది. మెమరీ అయిపోయింది. గుప్పెడు లేదు, చిటికెడు లేదు. అప్పుడు ఆఖరిమాట లేచింది. లేచి ఏం చేసింది? లాగ్ ఫైలు తెరిచింది, పాతది మడిచి కొత్తది పరిచింది. ఇక రాయాలి. రాయడానికి ముందు పోగేయాలి, బండ్లన్నీ, ఫోన్లన్నీ, బల్లలన్నీ, ఎవరు ఏ మీట నొక్కారో అన్నీ. పోగేయడానికి చోటు కావాలి. చోటు లేదనే కదా అది లేచింది! చోటు లేదు అని చెప్పడానికి చోటు అడిగింది, అడిగిన చోటే చచ్చింది. తెరిచిన ఫైలు తెరిచినట్టే, తెల్లగా. ఎవరూ చెరపలేదు. చెరపడానికి అందులో ఏమీ పడలేదు. రెండు మాటలు, మెమరీ అయిపోయింది అన్న రెండే మాటలు ముందే రాసిపెట్టి ఉంచితే అవి పడేవి. నీళ్ళు అంటాడు, అంతే. తాను దొంగ కోసం గంపంత వల అల్లాడు, ఆ వల బరువుకే చేయి విరిగింది. మనవాడికి చెవులు వేడెక్కాయి. పరీక్షించలేదా? పరీక్షించాడు, మెమరీ పుష్కలంగా ఉన్న యంత్రం మీద, అయిపోయిందని ఉత్తుత్తిగా అబద్ధం చెప్పి. కడుపు నిండినవాణ్ణి ఆకలి గురించి అడిగినట్టు. అప్పుడు ఎంత అందంగా వచ్చాయో పట్టికలు.

గాజు తలుపు తెరుచుకుంది. బావ బయటికొచ్చాడు, చొక్కాకి గుండీ లేనిచోట వేలు పెట్టి పట్టుకుని. వీణ్ణి చూసి ఆగాడు.

"ఒరేయ్, అందులో నా గురించి ఏమని రాశావురా? రెండో తాళం మా బావగారి దగ్గర ఉంది అని! గారు పెట్టావు చూడు, నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. పదేళ్ళయింది నువ్వు నన్ను గారు అని."

"బావా..."

"నేరం మోపేటప్పుడు కూడా మర్యాద తప్పలేదు. మీ అక్క పెంపకం."

"లోపల ఏం చెప్పావు?"

బావ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేనే చెరిపానని చెప్పాను."

"ఎందుకు?"

"మరి నువ్వు చెరిపావని చెప్పమంటావా? మీ అక్క గుమ్మం తొక్కనిస్తుందా నన్ను?" బావ వీడి భుజం మీద చెయ్యి వేశాడు, బరువుగా. "ఏదో భయపడ్డావు, బస్సులోంచే ఎలాగో చెరిపావు. పోనీలే. భయపడ్డవాడు పక్కవాణ్ణి చూపిస్తాడు, అదీ ఉన్నదే. నేను పేపరు మీద సంతకం చేసేశాను. నువ్వు లోపలికెళ్ళి, ఆవిడ ఏమడిగినా తల ఊపు, నోరు మాత్రం విప్పకు. నీకు విప్పితే ఆగదు."

   మనవాడు బావ మణికట్టు పట్టుకుని లాగాడు, అంత మనిషినీ, గాజు తలుపు లోపలికి. "ఏయ్, ఏయ్, ఎక్కడికిరా," అంటున్నాడు బావ.

"మేడమ్, ఎవరూ చెరపలేదు," అన్నాడు మనవాడు.

మేడమ్ ముందున్న కాగితం మీద సంతకం ఇంకా తడిగా ఉంది. ఆవిడ పెన్ను మూత పెట్టింది. "ఆయన చెరిపానంటున్నారు. ఎవరూ చెరపలేదని మీరంటున్నారు. పొద్దున ఆయనే అయ్యుండాలన్నట్టు రాసిందీ మీరే."

"అది తప్పు రాశాను. చూపిస్తాను, ఒక్క అయిదు నిమిషాలు."

ఆవిడ పక్కన పరీక్షలకి వాడే కంప్యూటర్ ఉంది. అందులో ప్రోగ్రామ్‌కి మనవాడు మెమరీ పిసినారిలా, పిడికెడే ఇచ్చాడు. ఉత్తుత్తి ఫోన్లు వంద మోగేలా పెట్టాడు. తర్వాత రెండు చేతులూ పైకెత్తి, కుర్చీ వెనక్కి జరిపి, "మీరు కూడా ముట్టుకోకండి మేడమ్. బావా, చేతులు పైకెత్తు," అన్నాడు. బావ ఎత్తాడు, దొరికిపోయిన దొంగ ఎత్తినట్టు, ఒక కనుబొమ్మతో సహా. మేడమ్ కూడా పెన్నుతో పాటు చేతులు కాస్త పైకి తీసింది. ముగ్గురూ అలా నిలబడి చూస్తున్నారు. బయట నడవాలో వెళ్ళేవాళ్ళు గాజులోంచి చూసి అడుగు నెమ్మది చేశారు. ఫోన్లు మోగాయి, బండ్లు కదిలాయి, మళ్ళీ మోగాయి, బండ్లు మెల్లబడ్డాయి, బిగుసుకుపోయాయి. స్క్రీను అట్టలా అయిపోయింది. మనవాడు ఒంటి వేలితో లాగ్ తెరిచాడు. ఫైలు ఉంది. ఇప్పుడే పుట్టిన వేళతో సహా ఉంది. లోపల ఒక్క అక్షరం లేదు.

"మెమరీ లేదని చెప్పడానికి కూడా దానికి మెమరీ కావాలి మేడమ్. నేను దాన్ని చాలా చెప్పమన్నాను. అంత చెప్పలేక ఏమీ చెప్పకుండా పోయింది. పొద్దున జరిగిందీ ఇదే. రాసింది నేనొక్కణ్ణే."

"దిద్దగలరా?"

"మొదట్లోనే కాస్త చోటు పట్టి పక్కన పెట్టాలి, ఎవరూ ముట్టుకోకుండా. అన్నీ అయిపోయినప్పుడు అది వదిలితే ఒక్క మాట పడుతుంది. ఆ ఒక్క మాటా రాసి, మారు మాట్లాడకుండా మళ్ళీ మొదటికి రావాలి. స్క్రీన్లు వెంటనే వస్తాయి, బండ్లు ఆగవు. అసలు మెమరీ ఎక్కడ పేరుకుందో తర్వాత వెతుకుతాం, ఇద్దరం."

 మేడమ్ సంతకం ఉన్న కాగితాన్ని రెండుగా చించింది. పైవాళ్ళకి ఇదే చూపిస్తాను, కావాలంటే వాళ్ళూ వచ్చి చేతులెత్తుకుని చూస్తారు, అంది. తర్వాత బావ వైపు తిరిగింది.

"మరి మీరు? చేయని పని చేశానని సంతకం కూడా ఎందుకు పెట్టారు?"

బావ దగ్గర ప్రతిదానికీ జవాబుంటుంది. ఇప్పుడు మాత్రం ముందు ఒకసారి మనవాడి వైపు చూశాడు. వీడు చెరిపాడనుకున్నాను అని చెప్తే వీడి పరువు, చెప్పకపోతే తన పరువు. గొంతు సవరించుకున్నాడు.

"ఆకలి మేడమ్. మధ్యాహ్నం భోజనం తప్పింది. ఒప్పుకుంటే తొందరగా వదుల్తారని..."

మేడమ్ నమ్మలేదు. నమ్మనట్టే మనవాడి మొహం చూసింది. "నిజమేనా?"

జీవితంలో ఏ మాటనీ నిజమేనా అని అడక్కుండా వదలని మనిషి వాడు. ఆఫీసంతా ఎరుగుదురు. మధ్యాహ్నం బావ ఖాళీ చేసిన టిఫిన్ డబ్బా వాడి కళ్ళతో వాడు చూశాడు, అడుగున మెతుకు కూడా మిగల్లేదు.

"నిజమే మేడమ్," అన్నాడు మనవాడు. "మా బావ ఆకలికి ఒక్క పూట ఆగలేడు."

బల్ల కింద బావ వాడి కాలు తొక్కాడు, గట్టిగా. వాడు కాలు తీసుకోలేదు.